వంకర కంచె

టైలరమ్మ ఆఫీసు మెట్లెక్కేసరికే ఆయాసపడుతోంది. చేతిలో ఒక కొయ్యమేకు ఉంది. దాన్ని డిటెక్టివ్ బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది.

ఆ చిన్న పట్నంలో డిటెక్టివ్‌ని అందరూ నత్త అనేవారు. నడక అలాంటిది మరి. ఒకప్పుడు కోర్టులో టైపు కొట్టి ఇప్పుడు ఆయన దగ్గర అసిస్టెంటుగా ఉన్న నడివయసావిడకి మాత్రం ఆ పేరు వింటే ఒళ్లు మండేది. నత్త వెళ్లిన దారి మెరుస్తుంది, ఎప్పుడైనా చూశారా అని గదమాయించేది.

టైలరమ్మ ఇల్లు ఊరి చివర, పొలాలు మొదలయ్యే చోట ఉంది. భర్త పోయాక ఆమెకు తోడల్లా ఒక ముసలి కుక్క. వానల్లో చెల్లెలికి జబ్బుచేస్తే చూడటానికి వెళ్తూ కుక్కని పక్కింటి వంటమాస్టారికి అప్పగించింది. తిరిగొచ్చేసరికి అది గొలుసు తెంపుకుని ఎటో పోయిందని ఆయన చెప్పాడు. అప్పటినుంచీ ఆకు కదిలినా ఆమెకు గుండె దడే. మొరిగే ప్రాణి లేదు కాబట్టి కంచె అయినా ఉండాలనుకుంది. కంచె మేస్త్రి వచ్చి రెండిళ్ల హద్దు వెంట మేకులు కొట్టి, వాటికి దారం కట్టి, స్తంభాల గుంతలకు గుర్తులు పెట్టి వెళ్లాడు. తెల్లారేసరికి నడిమి మేకులు జరిగి ఉన్నాయి. అతను సరిచేశాడు. మళ్లీ జరిగాయి. నిన్న కూడా అంతే.

"మా మరిదే అనుకుంటున్నానండి," అంది టైలరమ్మ. "ఒక్కదానివీ ఎన్నాళ్లుంటావు వదినా, ఇల్లు అమ్మేసి మా ఇంటికొచ్చెయ్ అని ఒకటే నస. భయపెట్టి పంపేద్దామని చూస్తున్నాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే తాళం వేసి వెళ్లిపోతాను. నావల్ల కాదు."

వాళ్లు వెంటనే బయల్దేరారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని ముందొక స్టూలు ఉన్నాయి. ఉన్న ఒక్క కుర్చీ మీదా బట్టలు పేరుకుపోయి ఉన్నాయి. దాన్ని ఖాళీ చేసి ఎవరినైనా కూర్చోమనాల్సిన అవసరం ఆ ఇంట్లో చాలాకాలంగా రాలేదని తెలుస్తూనే ఉంది. అసిస్టెంటుకి ఎందుకో తన గది గుర్తొచ్చింది.

పెరట్లో మేస్త్రి మండిపడుతున్నాడు. తన చేతిపనికే మచ్చ వస్తోందన్నాడు. కంచే చేను మేసిందేమో సార్, పని సాగదీయడానికి వీడే చేస్తున్నాడేమో అని అసిస్టెంటు గొణిగింది. డిటెక్టివ్ దారం వెంట నడిచాడు. రెండు చివర్లా తిన్నగా ఉన్న దారం మధ్యలో పక్కింటి స్థలంలోకి ఉబ్బి, మళ్లీ వెనక్కి వస్తోంది. జరిపిన మేకులు గట్టిగా దిగి ఉన్నాయి. దారం బిగుతుగా కట్టి ఉంది.

మేస్త్రి గీసిన నమూనాలో కంచె అడుగున ఒకచోట సందు కనబడింది. అదేమిటని డిటెక్టివ్ అడిగాడు.

"కుక్క దూరడానికటండి. ఆవిడే పెట్టమన్నారు."

టైలరమ్మ తలదించుకుంది. అది ఇంకా వస్తోందని చెప్పింది. సాయంత్రం అన్నం కలిపి వెనక మెట్టు మీద పెడుతుంది. ముసలిదానికి పడదని ఉప్పు వేయదు. పొద్దున చూస్తే గిన్నె ఖాళీ.

"తినేసి గిన్నె బోర్లాపడేసి మరీ పోతుంది, దొంగముండ. నా మొహం చూడాలని మాత్రం ఉండదు," అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక అసిస్టెంటు దారం వైపు తిరిగింది.

డిటెక్టివ్ మెట్టు మీది గిన్నె తీసి, లోపల వేలితో రాసి, వాసన చూసి, మళ్లీ అలాగే బోర్లించాడు.

మరిది సైకిళ్ల షాపులో కనబడ్డాడు. వదిన తిట్టినప్పటినుంచి ఆ వీధి తొక్కలేదనీ, ఆమె ఒంటరిగా ఉంటే తనకు ముద్ద దిగదనీ చెప్పాడు. వంటమాస్టారు హాస్టల్లో వందలమందికి వండి రిటైరైన మనిషి. ఆయన వంటింట్లో ఒక్క కంచం, రెండే గ్లాసులు ఉన్నాయి. వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగి గ్లాసులు కింద పెట్టకముందే ఆయన అందుకుని, కడిగి, బోర్లించాడు. ఎంగిలి గిన్నె కంటబడితే నిద్రపట్టదండీ అని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. మేకుల సంగతి తనకు తెలియదన్నాడు.

మర్నాడు సాయంత్రం డిటెక్టివ్ అందరినీ దారం దగ్గరికి పిలిచాడు. ముందు టైలరమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నేను చెప్పేది వింటే మీరు ఇల్లు వదలక్కర్లేదు. కానీ ఇంకొకటి వదులుకోవాలి. చెప్పమంటారా?"

ఆమె తలూపింది.

"భయపెట్టేవాడు మేకులన్నీ పీకి పారేస్తాడు. స్థలం కాజేసేవాడు మీ వైపు జరుపుతాడు. ఈ మనిషి నడిమి మేకులే తీసి, తన స్థలంలోకే జరుపుకుని, దారం మళ్లీ బిగించాడు. ఆయనకి కంచె అంటే కోపం లేదు. ఒక్క గుంత ఇక్కడ పడకూడదు, అంతే." డిటెక్టివ్ గడ్డి మీద చెప్పు ఆనించాడు. "ఇక మీ గిన్నె. కుక్క గిన్నెని నాకుతుందమ్మా. సబ్బుతో కడిగి బోర్లించదు."

ఎవరూ వంటమాస్టారి వైపు చూడలేదు. ఆయన ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయాడు.

"మీరు వెళ్లాక ఒక పొద్దున చూస్తే చలనం లేదమ్మా," అన్నాడు. "మీ మిషను చప్పుడు వినబడుతుందని ఎప్పుడూ ఇక్కడే పడుకునేది కదా. ఇక్కడే పూడ్చాను. మీరేమో వీధి మొదట్నుంచీ దాన్ని పిలుచుకుంటూ వచ్చారు. నోరు రాలేదు. మొదటిరోజు గిన్నె నిండుగా ఉండిపోతే మెట్టు మీద కూర్చుని ఏడ్చారు. మర్నాటినుంచి నేనే తీశాను."

టైలరమ్మకి కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది. మరిది మొహం చూడటానికి సిగ్గేసింది. అతనే వచ్చి వదిన భుజం పట్టుకున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, మేస్త్రిని దారం ఎలా ఉందో అలాగే వంకరగా కంచె వేయమంది. అడుగున సందు వద్దంది. దాని బదులు మనిషి పట్టేంత గేటు పెట్టమంది.

తర్వాత వంటమాస్టారి వైపు తిరిగింది.

"మరి ఆ అన్నం ఏం చేసేవారు?"

"తిన్నానమ్మా. పారేయడానికి చేతులు రాలేదు."

"అందులో ఉప్పు లేదు కదా."

"తెలుసు. అయినా నాకింకొకళ్లు వండిపెట్టింది ఎప్పుడూ లేదు."

ఆమె బోర్లించి ఉన్న గిన్నె తీసుకుని మెట్టెక్కింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"రేపు ఉప్పు వేస్తాను."