మూడో మలుపు దగ్గర చెప్పే మాట

బస్సు వదిలి ఏడేళ్లయినా డ్రైవరుకి ఇప్పటికీ అయిదింటికే మెలకువ వస్తుంది. లేచి చేసే పనేమీ ఉండదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, వీధిలో పోయే బళ్ల చప్పుడు వింటూ ఏ బండికి ఏ జబ్బుందో పైకే చెబుతుంటాడు. పద్నాలుగు నెలల కిందటి వరకూ లోపలి నుంచి ఒక మనిషి ఊ కొట్టేది. ఆవిడ పోయాక కూతురూ అల్లుడూ, తొమ్మిదేళ్ల మనవరాలూ వచ్చి ఈ ఇంట్లోనే చేరారు. ఇంట్లో సందడి పెరిగింది. ఊ కొట్టే మనిషి మాత్రం లేదు.

ఆ ఆదివారం అల్లుడు ఒక కాగితం ఊపుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. అతనికి బజార్లో కళ్లజోళ్ల షాపుంది. మనిషి నోటికీ నవ్వుకీ తాళం ఉండదు.

"మావయ్యగారూ, సీట్లు దొరికాయి! వచ్చే శుక్రవారం పొద్దున జలపాతం, రాత్రికి సరస్సు పక్కన బస, శనివారం కొండ. మీ పాత కంపెనీ బస్సే. నాలుగు సీట్లు."

"మీరు ముగ్గురేగా. నాలుగెందుకు?"

"నాలుగోది మీకండీ."

"నాకొద్దు. ముప్పై రెండేళ్లు తిరిగాను. చూసిందే చూడ్డానికి ఎదురు డబ్బులిచ్చి పోయేంత మతి పోలేదు నాకు."

"మీరెక్కడ చూశారండీ? స్టీరింగ్ పట్టుకుని ముందున్న లారీ వెనక భాగం చూశారు. ఈసారి కిటికీ పక్కన కూర్చుని తీరిగ్గా చూద్దురుగాని. దూరపు చూపుకి కొండల్ని మించిన మందు లేదు. షాపుకి నష్టమైనా నిజం చెబుతున్నాను."

డ్రైవరు నవ్వలేదు. మనవరాలు వచ్చి కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఇంట్లో అందరూ దాన్ని చిట్టి అంటారు.

"తాతయ్యా, కొండ మీంచి మన ఇల్లు కనిపిస్తుందా?"

"మంచు కనిపిస్తుంది. మంచు చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. చలికాలంలో గుమ్మంలో నిలబడు, చాలు."

చిట్టి మొహం చిన్నబోయింది. చెయ్యి తీసేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన చెప్పింది అబద్ధం. ఆ కొండ మీంచి ఏ నెలలో ఏం కనిపిస్తుందో ఆయనకి కంఠతా వచ్చు. ఘాట్ రోడ్డు మూడో మలుపు దగ్గర ప్రతి బస్సూ ఇరవై నిమిషాలు ఆగుతుంది. మిగతా డ్రైవర్లు చక్రం వెనక రాయి పెట్టి, సీటు మీద ఒరిగి కునుకు తీసేవాళ్లు. ఈయన దిగేవాడు. జనాన్ని రెయిలింగు దగ్గరికి పిలిచి, చెయ్యి చాచి మొదలుపెట్టేవాడు. ఎడమవైపు పడుకున్న ఏనుగులాంటి కొండ, దాని తొండం చివర వెండి తీగలా జలపాతం, కింద పావలా బిళ్లంత సరస్సు. ఎండ ఏ రాయి మీదికి వచ్చినప్పుడు లోయ రంగు మారుతుందో నిమిషంతో సహా చెప్పేవాడు. పిల్లల్ని నవ్వించేవాడు, ముసలివాళ్ల చెయ్యి పట్టుకుని మెట్లు దింపేవాడు, కొత్త జంటలకి ఫొటోలు తీసేవాడు. ఆయన బస్సే కావాలని అడిగి మరీ ఎక్కేవాళ్లుండేవారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్ర డ్రైవర్లు ఇప్పటికీ అక్కడ అవే మాటలు చెబుతారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయన మీసం కాస్త పైకి లేస్తుంది.

ఇంటికొచ్చేసరికి ఆ గొంతు డిపోలోనే ఉండిపోయేది. భార్య అన్నం వడ్డిస్తూ అడిగేది: "ఇవాళ ఏం చూశారండీ?"

"రోడ్డు."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. పెళ్లయిన కొత్తల్లో మొదలైంది, చాలా ఏళ్లు సాగింది. తర్వాత ఎప్పుడో ఆవిడ అడగడం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆయన పట్టించుకోలేదు. గోల తగ్గిందనుకుని అన్నం కలుపుకున్నాడు.

టిఫిను వేళకి కూతురు వంటింట్లోంచి వచ్చి ఎదురుగా కూర్చుంది. బడిలో లెక్కల టీచరు. తల్లిలా తక్కువ మాట్లాడుతుంది, కానీ తల్లిలా మింగి ఊరుకోదు.

"ఎందుకు రానంటున్నావు నాన్నా?"

"మోకాళ్ల నొప్పి."

"నిన్న సందు చివరిదాకా నడిచి, ఎవరి కారుకో క్లచ్ పోయిందని చెప్పొచ్చావు."

"అది వేరు."

"అమ్మ పోయాక మనం నలుగురం కలిసి గడప దాటలేదు. ఆ కొండ అమ్మకి ఇష్టమని వెళ్తున్నాం."

డ్రైవరు కంచం పక్కకి నెట్టాడు. "మీ అమ్మకి ఇష్టమా? ఎవరు చెప్పారు నీకు? ఆవిడకి ఇంటిపట్టున ఉండటమే ఇష్టం. కొండెక్కితే కళ్లు తిరుగుతాయి ఆవిడకి. నేనెన్నిసార్లు పిలిచానో ఎవడికి తెలుసు! రానంది. అంతే."

అల్లుడు ఏదో చెప్పబోయి, పెళ్లాం మొహం చూసి నోరు మూసుకున్నాడు. నోటికి తాళం పడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"ఎప్పుడు పిలిచావు?"

"ఎప్పుడో. ముప్పై ఏళ్ల ముచ్చట తారీఖులతో సహా చెప్పమంటే ఎలా?"

"కళ్లు తిరుగుతాయని అమ్మ ఎప్పుడంది?"

ఆయన వెతికాడు. వంటింట్లో, మంచం పక్కన, వాకిట్లో ఆవిడ ఆ మాట అన్న సందర్భం కోసం వెతికాడు. ఆవిడ గొంతులో ఆ మాట దొరకలేదు. తన గొంతులోనే వినిపించింది.

"నువ్వు చెప్పలేవు. నేను చెబుతాను." కూతురు చేతులు తుడుచుకుంది. "నీకు చెబితే తన మీద ఒట్టంది అమ్మ. ఇరవై ఏడేళ్లు కాచాను. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. కంపెనీ ఏటా ఒక పాసు ఇచ్చేది. డ్రైవరు ఇంటివాళ్లకి రెండు సీట్లు, ఏ ట్రిప్పుకైనా. ఇచ్చేదా, లేదా?"

"ఇచ్చేది," అన్నాడాయన, నెట్టేసిన కంచం వైపు చూస్తూ.

"ఆ పాసులేం చేశావు?"

"టైమ్‌కీపరుకి ఇచ్చేవాణ్ణి." గొంతు తగ్గింది. "వాడే కదా డ్యూటీలు వేసేది. కొండ రూటు నాకే వెయ్యాలంటే వాడి చెయ్యి తడపాలిగా."

"అసలు అలాంటి పాసు ఒకటుందని అమ్మకి చెప్పావా?"

ఆయన తల దించుకుని నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"నువ్వు చెప్పలేదు. టైమ్‌కీపరు భార్య చెప్పింది. కూరల కొట్టు దగ్గర ఎదురై, 'మీ పాసు మీద మళ్లీ వెళ్లొచ్చాం వదినా, కొండ ఎంత బాగుందో! మీకు కళ్లు తిరుగుతాయటగా, పాపం' అంది. అమ్మ నవ్వి ఊరుకుంది. నేను పక్కనే ఉన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు, ఇప్పుడు చిట్టికున్నన్ని. వారం తిరక్కుండా అమ్మ నన్ను తీసుకుని కొండకెళ్లింది. నీ బస్సు కాదు, వేరే కంపెనీది. టిక్కెట్టు కొనుక్కుని."

డ్రైవరు తలెత్తాడు.

"మా బస్సు మూడో మలుపు దగ్గర ఆగేసరికి నీ బస్సు అప్పటికే ఉంది. నువ్వు రెయిలింగు దగ్గర నిలబడి చెబుతున్నావు. నాన్నా, నేను నిన్ను గుర్తుపట్టలేదు. చొక్కా చూసి గుర్తుపట్టాను. అలా నవ్వే మనిషిని మా ఇంట్లో ఎప్పుడూ చూళ్లేదు. అమ్మ జనం వెనక నిలబడి వింది. ఏనుగు కొండ, వెండి తీగ, పావలా బిళ్ల, అన్నీ వింది. నోరు తెరుచుకుని చిన్నపిల్లలా వింది. అప్పుడు నువ్వు చివరి మాట చెప్పావు. ఏమిటో నీకు గుర్తుందా?"

గుర్తుంది. రోజుకి రెండుసార్లు చెప్పిన మాట ఎక్కడికి పోతుంది?

"'మా ఆవిడని ఎన్నిసార్లు పిలిచినా రానంటుందండీ. కొండెక్కితే కళ్లు తిరుగుతాయట. నా నెత్తికెక్కి కూర్చున్నప్పుడు మాత్రం ఏమీ తిరగవు!' జనం విరగబడి నవ్వారు. నేను 'నాన్నా' అని అరవబోయాను. అమ్మ నా నోరు మూసింది. ఎంత గట్టిగా మూసిందంటే పళ్లు గుచ్చుకుని పెదవి చిట్లింది. నీ బస్సు వెళ్లిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు."

వీధిలో ఏదో బండి దగ్గుకుంటూ పోయింది. దానికి ఏ జబ్బో డ్రైవరు చెప్పలేదు.

"తర్వాత రెయిలింగు దగ్గరికి వెళ్లి కిందికి వంగి చూసింది. చాలాసేపు చూసి, 'కళ్లేం తిరగట్లేదే' అంది నాతో. అంతే అంది. ఆ సాయంత్రం నీకు అన్నం పెడుతూ ఎప్పట్లాగే అడిగింది, ఇవాళ ఏం చూశారండీ అని. నువ్వు రోడ్డు అన్నావు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు."

కూతురు లేచి కంచం తీసింది. గుమ్మం దగ్గర ఆగింది. "నువ్వు రావాలని నేనిక బతిమాలను నాన్నా. రాకపోతే మాత్రం, అమ్మ రానందని ఈ ఇంట్లో ఇంకోసారి అనకు."

నాలుగు రోజులు ఆ ఇంట్లో మాటలు పొదుపుగా నడిచాయి. డ్రైవరు కుర్చీలో కూర్చుని, నిజంగా ఒక్కసారైనా పిలిచానా అని వెతుక్కున్నాడు. ఒక్కసారి చాలు, దాన్ని పట్టుకుని బతికేవాడు. దొరకలేదు. నవ్వించడానికి పుట్టిన మాట వేలసార్లు చెప్పి చెప్పి నిజమైపోయింది. అబద్ధం చెప్పిన వాడికి కనీసం అది అబద్ధమని తెలుస్తుంది. ఆయనకి అదీ మిగల్లేదు.

గురువారం సాయంత్రం అల్లుడు షాపు నుంచి రాగానే డ్రైవరు అడిగాడు.

"ఆ నాలుగో సీటు ఎవరికైనా ఇచ్చేశావా బాబూ?"

"లేదండీ."

"ఇవ్వకు."

శుక్రవారం జలపాతం దగ్గర చిట్టి బట్టలతో సహా తడిసింది. రాత్రి సరస్సు పక్కన అల్లుడు పడవ గురించి జోకులేస్తే, డ్రైవరు ఒకదానికి తలూపాడు. శనివారం పొద్దున బస్సు ఘాట్ రోడ్డెక్కింది. ఆ రోడ్డు మీద ఆయన మొదటిసారి ప్రయాణికుల సీట్లో, కిటికీ పక్కన కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ కుడికాలు దానంతటదే బ్రేకు కోసం నేలని తొక్కింది.

మూడో మలుపు దగ్గర బస్సు ఆగింది. దాన్ని నడిపేవాడు ఒకప్పుడు ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడే. గురువుగారిని చూసి ఉబ్బిపోయి, జనాన్ని రెయిలింగు దగ్గరికి పిలిచాడు. "ఎడమవైపు చూడండి, పడుకున్న ఏనుగు..." మాట పొల్లుపోకుండా చెప్పుకొచ్చాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు, ఎక్కడ చెయ్యి చాచాలో అక్కడ చాచాడు. చివర గురువుగారి వైపు ఓరగా చూసి గొంతు పెంచాడు.

"మా ఆవిడని ఎన్నిసార్లు పిలిచినా రానంటుందండీ..."

జనం విరగబడి నవ్వారు. కూతురు నవ్వలేదు. ఆమె చెయ్యి పక్కనే ఉన్న చిట్టి భుజం మీదికి వెళ్లింది.

నవ్వులు ఆగాక డ్రైవరు అతని దగ్గరికి నడిచాడు.

"నీకు పెళ్లయి ఎన్నేళ్లయిందిరా?"

"మూడేళ్లండీ."

"మీ ఆవిణ్ణి నిజంగా పిలిచావా?"

"భలేవారే గురువుగారూ! మీరు నేర్పిందేగా. జనం నవ్వడానికండీ."

"పాసు?"

అతను తల గోక్కున్నాడు. "ఈ ఏడు టైమ్‌కీపరు గారి బావమరిది అడిగాడండీ. డ్యూటీల సంగతి మీకు తెలియందేముంది..."

"వెనక్కి తీసుకో. ఈ రూటు పోతే పోనీ. ఆ మాట కూడా మానెయ్."

"దానికే ఎక్కువ నవ్వుతారండీ!"

"నవ్వనివాళ్లు వెనక నిలబడి ఉంటారు. ఇక్కణ్ణించి కనపడరు."

కుర్రాడికి అర్థం కాలేదు. పెద్దాయనకి వయసు మీదపడిందనుకుని "అలాగేనండీ" అన్నాడు. ఈయన కూడా ఆ వయసులో అలాగే అనేవాడు, ఏదీ వినకుండా.

"అమ్మ ఎక్కడ నిలబడింది?" అని కూతుర్ని అడిగాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. వెళ్లి అక్కడే నిలబడి, తాను రోజూ నిలబడిన చోటు వైపు చూశాడు. పది అడుగులు లేవు. ముందున్న లారీ బ్రేకు లైటు ఫర్లాంగు దూరం నుంచి పట్టే కళ్లు. పది అడుగుల్లో ఉన్న పెళ్లాన్ని పట్టలేదు. రెయిలింగు పట్టుకుని వంగి లోయలోకి చూశాడు. కళ్లు తిరగలేదు. తడిశాయి, అంతే. పక్కనే కూతురు నిలబడి ఉంది. ఊరుకో నాన్నా అనలేదు. పక్క నుంచి కదల్లేదు కూడా.

కొండ దిగేటప్పుడు కూతురు వచ్చి ఆయన పక్క సీట్లో కూర్చుంది. చిట్టి వాళ్ల నాన్న ఒళ్లో నిద్రపోయింది. రెండు మలుపులు దాటాక ఆమె అడిగింది.

"ఏం చూశావు నాన్నా?"

డ్రైవరు నోట్లోకి పాత జవాబు వచ్చేసింది. పెదవుల దాకా వచ్చినదాన్ని మింగాడు.

"ఎడమవైపు..." అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "ఎడమవైపు ఏనుగు పడుకున్నట్టు ఒక కొండ. దాని తొండం చివర..." వెండి తీగ చెప్పాడు, పావలా బిళ్ల చెప్పాడు. ఎండ ఏ రాయి మీదికి వస్తే లోయ పచ్చన నుంచి నీలంలోకి తిరుగుతుందో చెప్పాడు. నెమ్మదిగా, అన్నం ముందు కూర్చుని చెప్పాల్సినట్టు చెప్పాడు. కూతురు ఊ కొడుతూ వింది.

చివరి మాట రావలసిన చోట ఆగిపోయాడు. కూతురు ఎదురుచూసింది.

"నేను పిలవలేదమ్మా," అన్నాడు. "ఒక్కసారి కూడా."

కూతురు ఊ కొట్టింది.

బస్సు కొండ దిగుతూనే ఉంది.