సీలు విప్పని సంచి

లారీ గక్కున ఆగింది!

సంచుల మీద పడుకున్న సుహాసిని ముందుకు జారింది. తల వెళ్లి ఇంకో సంచికి కొట్టుకుంది. దెబ్బ తగల్లేదు... మెత్తగా ఉంది.

ఊపిరి బిగబట్టింది.

పైన కప్పిన తాటిపత్రి. దాని కింద చిమ్మచీకటి. వెనక కారు బ్రేకు చప్పుడు... తలుపు తెరుచుకుంది... అడుగులు!

"రవీ! దిగు కిందికి!"

ఆ గొంతు ఆమెకు తెలుసు. ప్రశాంత్. విత్తనాల కంపెనీ సేటు కురుమూర్తి కొడుకు.

"ఏమైంది చిన్న సేటూ?" లారీ డ్రైవర్ రవి దిగుతున్నాడు. "పెబ్బేరు దాటినం గద. ఇంక జర సేపట్ల వనపర్తి గోదాం కాడుంట."

"లారీ మీద మనిషుందిరా! ఆ ఆడిట్ పిల్ల! గద్వాల్ల ఎక్కుతుంటె హమాలీ చూసిండు."

దొరికిపోయింది!

"దాన్ని నేను దించుత. నువ్వు బండి వాపస్ తిప్పు. తెల్లారేసరికి సంచులు మళ్ల గద్వాల గోదాంల ఉండాలె. సమజైందా?"

సుహాసిని గుండె ఝల్లుమంది. దొరికినందుకు కాదు.

లారీ వెనక్కి పోతే అంతా పోయినట్టే!

ఈ సంచులను పొద్దున గద్వాల గోదాంలో ఆమే లెక్కపెట్టింది, పెద్ద ఆడిటర్ బాలకృష్ణతో కలిసి. రేపు వనపర్తిలో లెక్క. ఎల్లుండి నాగర్‌కర్నూల్‌లో. మూడు గోదాముల్లో పత్తి విత్తనాలున్నాయని చూపించి కురుమూర్తి బ్యాంకు నుంచి కోట్లు తెచ్చాడు. ఉన్నది ఒక్క లారీ సరుకు! పగలు ఒక ఊళ్లో లెక్కకు నిలబడుతుంది. రాత్రికి రాత్రి పక్క ఊరికి పోయి, మర్నాడు అక్కడ నిలబడుతుంది.

"కంపెనీవాళ్లు చెప్పింది రాసుకుంటె అది ఆడిట్ కాదమ్మా," అంటాడు బాలకృష్ణ సార్. "సరుకు కళ్లతో చూడాలె. ముట్టాలె. విప్పాలె."

చూశారు. ముట్టుకున్నారు. విప్పనివ్వలేదు కురుమూర్తి. "సీలు తీస్తె గాలి తగిలి మొలక చెడుతది సార్," అని నవ్వాడు. సీలు తెగిన సంచి మర్నాడు ఇంకో ఊళ్లో పట్టుబడుతుంది మరి!

అందుకే ఈ ఎత్తు. ఆమె సంచుల వెంట పోవాలి. బాలకృష్ణ సార్ పోలీసులను తీసుకుని ఖాళీ గోదాంకు పోవాలి. ఆయన తలుపు తీయించేదాకా ఈ లారీ గద్వాల చేరకూడదు!

తాటిపత్రి లేచింది. టార్చిలైటు ముఖం మీద పడింది.

"దిగవే!"

దిగలేదు... అవతలి వైపు దూకింది!

మోకాలు చీరుకుపోయింది. లేచింది. లారీ తలుపు బార్లా తెరిచి ఉంది. స్టీరింగ్ కింద... తాళంచెవి!

లాగింది. పరుగు!

"పట్టుకోరా రవీ!"

రోడ్డు దిగింది. వేరుశనగ చేను. తడిమట్టి కాళ్లను లాగుతోంది. ఒక చెప్పు ఊడింది. రెండోది తనే విడిచేసింది. వెనక టార్చి వెలుగు ఎగురుతోంది... దగ్గరకొస్తోంది!

ఎదురుగా కాలువ. నిండుగా పారుతోంది.

చెయ్యి ఎత్తింది. విసిరింది.

బుడుంగ్!

అదే క్షణంలో జడ వెనక్కి గుంజుకుపోయింది.

"తాళంచెవి ఏదే?"

"కాలువల ఉంది. ఈత వస్తదా చిన్న సేటూ?"

చెంప పగిలింది. ఏడుపు రాలేదు. ఎప్పుడో అయిపోయింది ఆమె ఏడుపు.

రోడ్డు మీదకి ఈడ్చుకొచ్చేసరికి ఇంకో కారు ఆగి ఉంది. తెల్లబట్టల్లో కురుమూర్తి దిగాడు. సుహాసిని దగ్గరున్న ఫోన్ లాక్కున్నాడు. రాయి తీసుకుని దాన్ని ముక్కలు ముక్కలు చేశాడు.

"ఇంకో తాళంచెవి తెప్పిస్తున్న. గంటల బండి కదుల్తది," అన్నాడు తాపీగా. "పొద్దుగాల నువ్వు లెక్క సరిపోయిందని సంతకం పెడ్తవ్. లేకుంటె ఆ కాలువల తేల్తవ్. ప్రశాంతూ... తియ్యి."

ప్రశాంత్ నడుము దగ్గర నుంచి రివాల్వర్ తీశాడు. నల్లటి గొట్టం ఆమె నుదుటికి ఆనింది. చల్లగా ఉంది.

"ఎవరి బిడ్డవే నువ్వు? ఇంత పగేంది నా మీద?" అడిగాడు కురుమూర్తి.

ఈ ప్రశ్న కోసమే ఆమె ఇన్నేళ్లు చదివింది!

"హన్మంతు బిడ్డను. నాగర్‌కర్నూల్ గోదాం వాచ్‌మన్ హన్మంతు. యాదికొచ్చిండా?"

కురుమూర్తి కళ్లు చిన్నవయ్యాయి. యాదికొచ్చాడు.

ఆ రోజు బ్యాంకువాళ్లు చెప్పకుండా వచ్చారు. గోదాం ఖాళీ. కురుమూర్తి వేలు చూపించి అరిచాడు... "దొంగ! పట్టుకోండి!" బేడీలు వేసి నాగర్‌కర్నూల్ బస్టాండు మీదుగా నడిపించారు హన్మంతును. స్కూలు బ్యాగుతో నిలబడి చూసింది సుహాసిని. నాయిన బెయిలు మీద ఇంటికొచ్చాడు. మళ్లీ గడప దాటలేదు. పాడె మీదే దాటాడు.

అదే బస్టాండు మీదుగా కురుమూర్తి బేడీలతో నడవాలి. ఆమెకు కావలసింది అంతే.

"ఈసారి ఎవర్ని దొంగను జేస్తవ్ సేటూ?"

ఫోన్ మోగింది!

కురుమూర్తిది. తీశాడు. ఫోన్ కారుకు కలిపి ఉంది. అవతలి గొంతు కారు స్పీకర్లలో ఖంగుమంది.

"కురుమూర్తి గారూ, ఆడిటర్ బాలకృష్ణను. గద్వాల గోదాంలో ఉన్నాను. ఎస్సై గారు పక్కనే ఉన్నారు. ఒక్క సంచి లేదు... ఏమైంది సరుకు?"

సుహాసిని తలెత్తింది. సార్ చేరుకున్నాడు!

కురుమూర్తి ఒక్క క్షణం... ఒకే ఒక్క క్షణం ఆలోచించాడు.

"నాకేం తెల్వదు సార్! గోదాం తాళాలు నా కొడుకు కాడుంటయి. వాడే అమ్ముకున్నడేమో... దొంగ నా కొడుకు! కేసు వాని మీద రాయుండ్రి!"

నుదుటి మీద రివాల్వర్ ఒత్తిడి తగ్గింది.

"నాయినా..." ప్రశాంత్ ముఖం పాలిపోయింది. "నన్ను పట్టిస్తవా?"

"నోర్ముయ్‌రా! బయటికి నేను తెస్త గద తర్వాత!"

"హన్మంతును తెచ్చినవా?" అంది సుహాసిని.

రివాల్వర్ ఆమె నుదుటిని వదిలింది. మెల్లగా పక్కకు తిరిగింది... తండ్రి వైపు!

"ఒరేయ్! పిచ్చి లేసిందా?" కురుమూర్తి ఎగిరి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. పెనుగులాట...

ఢాం!

సుహాసిని కళ్లు మూసుకుంది.

అరుపు లేదు. నెత్తురు లేదు. బుస్సుమని ఏదో కారుతున్న చప్పుడు!

కళ్లు తెరిచింది. గుండు లారీ పక్క చెక్కలను చీల్చి సంచిలో దిగింది. సంచి పొట్ట చిరిగి ధారగా కారుతోంది. కారు లైట్ల వెలుగులో పసుపుగా ఎగురుతోంది.

పత్తి గింజలు కాదు.

వడ్ల ఊక!

కురుమూర్తి మోకాళ్ల మీద పడ్డాడు. గుప్పెడు ఊక తీశాడు. ఇంకో సంచి గోళ్లతో చింపాడు. ఊకే! ఇంకోటి... ఊకే!

"గింజలేవిరా?" గొంతు చీలిపోయింది. "నేను నింపించిన గింజలేవి? నిజంగనే అమ్ముకున్నవారా!"

ప్రశాంత్ రివాల్వర్ పారేశాడు. చేలోకి పరుగు పెట్టాడు.

"దొంగ!" కురుమూర్తి అరిచాడు. "పట్టుకోండి!"

అదే అరుపు. అదే గొంతు. ఈసారి మాత్రం నిజం!

"హలో! ఏంటా చప్పుడు?" కారులోంచి బాలకృష్ణ కంగారుగా అడుగుతున్నాడు. "సుహాసినీ! అక్కడున్నావా?"

ఆమె వంగి రివాల్వర్ తీసుకుంది. కురుమూర్తి ఊకలో నుంచి తలెత్తి చూశాడు. ఇప్పుడు ఆ గొట్టం ఆయన వైపు ఉంది.

"ఉన్న సార్," అంది సుహాసిని. "సేటు గూడ ఉన్నడు, ఏడికి పోడు. బేడీలు తీస్కొని పెబ్బేరు అవతలికి రాండ్రి... సంచి విప్పిండ్రు."