మూత మీది నంబరు

“పెట్టె గుండీ అంత ఉంటుంది. దక్కితే తే. దక్కకపోతే నాశనం చెయ్,” అన్నాడు చీఫ్.

మొక్క కణాల్లో మైటోకాండ్రియా ఉంటాయి. వాటిలోని ప్రోటీన్ యంత్రాలతోనే పైరు ఊపిరి పీలుస్తుంది. ఆ యంత్రం అసలు ఆకారం తెలిస్తే, సరిగ్గా దాని గొంతులో అడ్డుపడే మందు చేయొచ్చు. ఒక దేశం పైరంతా చేలోనే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. విదేశీ ముఠాకు కావలసింది అదే. యంత్రాన్ని ముక్కలవకుండా బయటికి తీసి, గ్రిడ్లనే నాలుగు చిన్న లోహపు జల్లెడల మీద మంచులో బిగించింది ఒకే ఒక్క మనిషి. ఎనిమిదేళ్లు పట్టింది. మైక్రోస్కోపుతో ఫొటోలింకా తీయలేదు. ఉన్నదంతా ఆ పెట్టెలోని నాలుగింటిలోనే. ఆవిడ ఏజెంట్ పిల్లికి స్వయానా అక్క.

పిల్లి, పెట్టెను చల్లగా ఉంచే ద్రవ నైట్రోజన్ నింపేవాడి వేషంలో ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. కారిడార్‌లో నల్లకళ్లద్దాల సుందరి ఎదురైంది.

“ఆవిరి కనబడట్లేదే?”

“గాలి అటు మళ్లింది.”

కోడ్ సరిపోయింది. మన డిపార్ట్‌మెంట్ మనిషే కదా అని వెంట వెళ్లాడు. నమ్మడం, కొంప మునగడం ఒకే నిమిషంలో జరిగిపోయాయి.

లోపల అక్కను కుర్చీకి కట్టేశారు. నోరు మాత్రం కట్టలేదు. సుందరి ఆమె కణతకు పిస్తోలు ఆనించింది.

“పెట్టె తీసి నా ఫ్లాస్కులో వెయ్. పోయినసారి మాకు వేరే పెట్టె అంటగట్టారు. ముందు పైకెత్తి, మూత మీది నంబరు చదువు.”

పిల్లి నైట్రోజన్ డబ్బా మూత తీశాడు. అక్క వందసార్లు చెప్పిన మాట గుర్తొచ్చింది. నైట్రోజన్ లోంచి బయటికి తీసి మూడు క్షణాలుంచితే చాలు, ఆ మంచు పాడై, యంత్రం ఆకారం చెదిరిపోతుంది. ఆ తర్వాత దానికీ కాలవ నీళ్లకూ తేడా లేదు.

అక్కకూ అర్థమైంది. బయటికి తీయొద్దని ఒక్క మాట అంటే తన ఎనిమిదేళ్లూ బతుకుతాయి, శత్రువు చేతిలోనైనా సరే. ఆమె అనలేదు. కళ్ల నిండా నీళ్లతో తమ్ముడి వైపు చూసి, తల కొంచెం ఆడించింది.

పిల్లి పెట్టె పైకెత్తాడు. మూత మీద మంచు పట్టిందని ఊదాడు. తొడుగు వేసిన వేలితో తుడిచాడు.

“నాలుగు... తర్వాత ఏడా, ఒకటా? ఆగండి మేడమ్, సరిగ్గా కనబడట్లేదు.”

అక్క కష్టం తన వేళ్ల మధ్యే కరిగిపోతుంటే వాడికి ఏడుపు ముంచుకొచ్చింది. గొంతులో తెలియనివ్వలేదు. “ఏడే,” అన్నాడు చివరికి. పెట్టె ఫ్లాస్కులో పడింది. సుందరి ఇకిలిస్తూ వెళ్లిపోయింది.

పిల్లి చొక్కా గుండీలోని మైకులో చీఫ్ అంతా విన్నాడు. గేటు దగ్గర సుందరి దొరికింది. ఫ్లాస్కు మాత్రం ముఠావాడి మోటారుసైకిలెక్కి సరిహద్దు దాటింది. దాటితే దాటనీ, ఊరేగించుకోనీ.

పిల్లి కట్లు విప్పాడు. అక్క మణికట్లు రుద్దుకుంటూ అడిగింది.

“ఎంతసేపు పట్టుకున్నావురా?”

“ఇరవై లెక్కపెట్టానక్కా.”

అక్క ముక్కు తుడుచుకుంది.

“మూడు సరిపోయేవిరా. నీదెప్పుడూ అతి.”