తూము కాడి బొచ్చె

చిల్లకూరు చెరువు పెద్ద తూము కాడికి పొద్దుగూకితే కుక్క కూడా పోయేది కాదు. జమ్ము గుబుర్లో ఎవురో గొణుగుతా ఉంటారంట. నీళ్ళలో చప్... చప్... మని అడుగులు పడతాయంట. మా పాస్టరు జీవానందం అయ్యగారు కూడా ప్రతి ఆదివారం, "దెయ్యాలు లేవు బిడ్డలారా... అయినా తూము కాడికి మాత్రం పోబాకండి" అని చెప్పి మరీ పంపేవారు.

నయాపైసలొచ్చిన కొత్తల్లో సంగతి ఇది. మా చిన్నాయన క్రీస్తురాజు ఇన్నేళ్ళు కడుపులో దాచుకుని మొన్న చెప్పినాడు.

ఆయనకుండే ఆస్తులు రెండే. గాలం, మీసం. ఆ మీసం చూసే మా పిన్నమ్మ పెళ్ళికి ఒప్పుకునిందంట! అట్లాంటి మీసాన్ని సిలార్ టీ అంగట్లో పందెం కాసినాడు. "తెల్లారేసరికి తూము కాడి పెద్ద బొచ్చె చేపను తెస్తా. తేకపోతే మీసం తీసేస్తా!" సిలార్ అప్పుడే మంగలి ఆదెయ్యకు కబురు పెట్టినాడు.

ఆ రాత్రి చిన్నాయన ఒక్కడే పోయినాడు. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. పెద్ద చేప నడి చెరువులో ఉంటాదనుకునేవాడు వెర్రోడు. రాత్రయితే అది మేతకు గట్టు వారకే వస్తాది. అందుకని బెల్లం కలిపిన తవుడు ముద్దను గాలానికి పెట్టి, జమ్ము పక్కనే వదిలి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

చప్...

దారం బిగుసుకునింది! చేపయితే లోపలికి పరిగెత్తాల గదా? ఇది జమ్ములోకి లాగతా ఉంది. ఈయన ఒకడుగు లాగితే అది రెండడుగులు లాగతాది. గుబుర్లోంచి ఆయాసం... బుస్... బుస్... చేపకి ఆయాసమేందబ్బా?

చిన్నాయనకు పై ప్రాణాలు పైనే పోయినాయి. వదిలితే మీసం పోతాది, పట్టుకుంటే ప్రాణం పోతాది. అయినా కర్ర వదల్లేదు మహానుభావుడు! కళ్ళు మూసుకుని, వచ్చిన ప్రార్థనలన్నీ కలగలిపి గబగబా అప్పజెప్పినాడు. "...ఈ గండం గట్టెక్కించు తండ్రీ" అని ముగించినాడో లేదో—

జమ్ములోంచి ఒక గొంతు. నిదానంగా, అలవాటుగా...

"ఆమెన్."

చిన్నాయన కళ్ళు తెరిచినాడు. దెయ్యానికి ఆమెనేంది?

"ఎవురూ... అయ్యగారా?"

జమ్ము గలగలమనింది. తర్వాత గుసగుసగా, "అరవబాక రాజూ... ముందు చేపను లాగు!"

ఒకే బొచ్చె ఇద్దరి దారాలూ చుట్టుకుని మధ్యలో కొట్టుకుంటా ఉంది. ఇద్దరూ కలిసి గట్టుకీడ్చినారు. ఆరు వీశెలుంటాది. అయ్యగారు సంచీలోంచి కత్తి తీసి, "తల నాకు, తోక నీకు. నువ్వు నన్ను చూళ్ళేదు" అన్నారు.

తెల్లారి టీ అంగట్లో ఊరంతా ఉంది. ఆదెయ్య కత్తి నూరతా ఉండాడు. చిన్నాయన తోక ముక్కను బల్ల మీద పెట్టినాడు.

"తలేదిరా?" అన్నాడు సిలార్.

మాటిచ్చినాడు గదా, ఏం చేస్తాడు పాపం! "దెయ్యం తినేసింది" అన్నాడు.

సిలార్ న్యాయం తప్పే మనిషి కాదు. ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, ఆదెయ్య వైపు తిరిగినాడు.

"సగం తెచ్చినాడబ్బా. ఎడమపక్కది తీసెయ్, కుడిపక్కది ఉంచు."