నీలం ఫైల్

హవాయిలో అగ్నిపర్వతం కింద ఒక రోడ్డుంది. సగమే ఉంది, మిగతా సగాన్ని లావా మింగేసింది. పొద్దుగూకాక అక్కడ కారు ఆపొద్దంటారు. ఆపితే ఎవరో ఆడమనిషి వచ్చి అద్దం తడుతుందట... ఏదో చెబుతుందట. ఏ భాషో అక్కడెవరికీ తెలియదు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, ముందే చెబుతున్నా. ఇది మా ఊళ్లో, మోరిస్‌విల్‌లో, మా పక్కింటి ఫణికుమార్ తన నోటితో చెప్పింది. చెప్పినంతసేపూ వాడి చేతిలో టీ చల్లారిపోయింది, ఒక్క గుక్క తాగలేదు.

ఏడేళ్ల కిందట భార్య గిరిజని, పన్నెండేళ్ల కూతురు నిధిని తీసుకుని వెకేషన్‌కి వెళ్లాడు. ఆ రోడ్డు చివర్లోనే ఇల్లు బుక్ చేశాడు. రెండోరోజు సాయంత్రం పెరట్లో నేల పగిలి నిప్పులు ఎగిశాయి. పోలీసులు ఖాళీ చేయమని మైకులో ఒకటే అరుపులు. ముగ్గురూ కారెక్కారు. గిరిజ మళ్లీ దిగి ఇంట్లోకి పోయింది... అంతే. శవం కూడా దొరకలేదు.

"మీ అమ్మ మొండిది, వద్దన్నా వినలేదు." ఏడేళ్లుగా కూతురికి చెప్పింది ఇదే. మాకూ ఇదే చెప్పాడు, నమ్మేశాం. ఎన్నడూ ఎవరి మాటా కాదనని మనిషి గిరిజ. ఆ సంగతి మాలో ఒక్కడికీ గుర్తురాలేదు చూడండి!

పంపింది వీడే. పాస్‌పోర్టులు, హెచ్‌వన్ వీసా పేపర్లు ఉన్న నీలం ఫైల్ ఇంట్లో ఉండిపోయింది. "అవి లేకపోతే మన బతుకేం కావాలే? పరిగెత్తి పట్రా" అన్నాడు. వెనక సీట్లో నిధి చెవులకి హెడ్‌ఫోన్స్... తనకేమీ వినపడలేదు.

మొన్న సమ్మర్‌లో, అమ్మ పోయిన చోట పూలు పెట్టాలని నిధి పట్టుబట్టింది. అక్కడే నిజం చెప్పేద్దామనుకున్నాడు వీడు. ఫ్లైట్ లేటయి, వెళ్లేసరికి మసక చీకటి. తిరిగి వెళ్లడం తేలికని ముందే కారు వెనక్కి తిప్పి ఆపాడు. వాడంతే, ఎక్కడికెళ్లినా ముందు బయటపడే దారి చూసుకుంటాడు.

"నిధీ... నీకో మాట చెప్పాలి."

"చెప్పు నాన్నా."

అప్పుడు...

టక్... టక్...

నిధి పక్క అద్దం మీద చెయ్యి. బూడిద పట్టిన గాజులు. నిధి అద్దం దించింది. గుప్పున గంధకం వాసన — ఆ వెనకే చిన్న గొంతు.

"ఏమండీ... మీరు తెమ్మన్న ఫైల్ తెచ్చాను. ఆగండి..."

తెలుగు. అచ్చం గిరిజ గొంతు.

వీడు కారు స్టార్ట్ చేశాడు. కళ్లు మూసుకుని యాక్సిలరేటర్ తొక్కేశాడు. కాస్త దూరం పోయాక పక్కకి చూస్తే — డోర్ తెరుచుకుని ఊగుతోంది. సీట్లో నిధి లేదు. ఆ గొంతు వినగానే దిగిపోయింది పిల్ల!

బ్రేక్ వేశాడు. అద్దంలో చూశాడు. ఎర్రటి బ్రేక్ లైట్ల వెలుగులో జుట్టు విరబోసుకుని, రెండు చేతులూ చాచి ఎవరో పరిగెత్తుకొస్తున్నారు... "ఆగు! ఆగు!"

ఒక్క క్షణం అది ఎవరో తనకి తెలియలేదట.

నిధే. కాళ్లకి చెప్పుల్లేవు, మోకాలు దోక్కుపోయి నెత్తురు. ముందు సీట్లో కూర్చోలేదు. వెనక డోర్ తీసుకుని, చిన్నప్పుడు కూర్చున్న చోటే కూర్చుంది. చాలాసేపు రొప్పింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నాన్నా... ఆ రోజు అమ్మ కూడా కారు వెనక ఇలాగే పరిగెత్తిందా?"

వాడు మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాడట. నేనూ అదే అడిగాను. చల్లారిన టీ బల్ల మీద పెట్టి, లేచి గుమ్మం వైపు నడిచాడు.