అందరూ ఎడమవైపు చూడండి

ఉదయం తొమ్మిదీ నలభై. ఏడో నంబరు ట్రామ్ గడియారస్తంభం దగ్గర మలుపు తిరుగుతోంది.

డ్రైవర్ వెనక నిలబడి, ఒక చేత్తో తోలుపట్టీ పట్టుకుని, ఇంకో చేత్తో ఎర్ర రుమాలు ఊపుతూ గైడు ఊరి చరిత్ర చెబుతున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. ట్రామ్, బస్సు, లాంచీ, మెట్రో, అన్నిటికీ కలిపి ఒకే టికెట్టు. నలభై ఏళ్ళుగా ఆ టికెట్టు మీదే జనానికి ఊరంతా తిప్పి చూపిస్తున్నాడు. చరిత్రని కారులో వెళ్ళి చూసేవాళ్ళంటే ఆయనకి మహా చిరాకు.

మాట మధ్యలో ఆగాడు. వెనక సీట్ల వైపు ఒక్క క్షణం చూశాడు.

"ఇప్పుడు అందరూ ఎడమవైపు చూడండి," అన్నాడు.

తలలన్నీ ఎడమవైపు తిరిగాయి. అక్కడ తోళ్ళ గోడౌన్ గోడ తప్ప ఏమీ లేదు. గడియారస్తంభం కుడివైపు ఉంది. ముసలాయనకి మతిమరుపు వచ్చిందనుకుని జనం నవ్వుకుంటూ ఇటు తిరిగేసరికి గైడు సీట్లో కూర్చుని ఉన్నాడు. టోపీ ఛాతీ మీద ఉంది.

తర్వాతి స్టాపులో ట్రామ్ ఎక్కబోయిన నర్సు మెట్టు మీద జారింది. ఏమిటీ తడి అని అరచెయ్యి చూసుకుంది. రక్తం.

* * *

లాండ్రీ షాపు పై అంతస్తులో, ఇస్త్రీ ఆవిరి వాసన వేసే గదిలో చీఫ్ కూర్చుని ఉన్నాడు.

"పోయింది మీ మేనమామ," అన్నాడు. "ఏడవడానికి నీకు ఐదు నిమిషాలు ఇస్తాను."

"తర్వాత ఏడుస్తానండి. పని చెప్పండి."

ఎదుట నిలబడ్డ ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో అందరూ మాస్టారు అంటారు. ఇందులో చేరకముందు నాలుగేళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పాడు. ఆ చరిత్రలో సగం పుస్తకాల్లోది, సగం మామయ్య ట్రామ్‌లో విన్నది. అమ్మ పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆ మామయ్యే.

"ఆయన ఇరవై ఏళ్ళుగా మన మనిషి," అన్నాడు చీఫ్.

"ఆ సంగతి నాకు చెప్పలేదే."

"నువ్వు మన మనిషివని ఆయనకీ చెప్పలేదు. పద్ధతి అంతే. విను. గురువారం సాయంత్రం ఐదింటికి పాత టంకశాల హాల్లో మూడు దేశాల మంత్రులు నదీజలాల ఒప్పందం మీద సంతకాలు పెడుతున్నారు. అది జరక్కుండా హాలు పేల్చేయాలని ఒక విదేశీ ముఠా వచ్చింది. పైన రోడ్లన్నీ మన కంట్రోల్‌లో ఉన్నాయి. కానీ టంకశాల కింద నుంచి..."

"గుర్రపు ట్రామ్ సొరంగం ఉంది. మూసేసి వందేళ్ళయింది. మ్యాపులు మునిసిపల్ ఆఫీసుతో పాటు కాలిపోయాయి."

"దాని ద్వారం తెలిసిన మనిషి మీ మామయ్య. ఇప్పుడు నువ్వు. ముఠా నాయకుడి పేరు సర్జన్. మొహం ఎవరూ చూడలేదు. పేలుడు పదార్థం ఎక్కడ దాచాడో తెలీదు. సొరంగం దొరికితే తప్ప బయటికి తీయడు. ఆ రోజు టూర్‌కి పేర్లు ఇచ్చిన నలుగుర్లో అతను ఉన్నాడని మీ మామయ్య ముందు రోజే కబురు పంపాడు. ఆగిపోయిన టూర్ గురువారం సొరంగం తెలిసిన కొత్త గైడుతో పూర్తి చేస్తామని ప్రకటన వేయించాను."

"కొత్త గైడు నేనన్నమాట."

"నలుగుర్లో ఒకామె మనమ్మాయి. ముఠాలో రెండేళ్ళుగా ఉంటోంది. ఈ ట్రామ్ వర్షంలో నడుస్తుందా అని అడుగుతుంది. పట్టాలు తడుస్తాయి, ప్రయాణికులు తడవరు అని చెప్పు."

* * *

గురువారం రెండింటికి మాస్టారు నెరిసిన మీసం అతికించుకుని, మామయ్య టోపీ పెట్టుకుని డిపోలో నిలబడ్డాడు. నలుగురూ వచ్చారు. మెడలో పెద్ద కెమెరా వేలాడుతున్న గెడ్డపాయన. ఊలుబంతుల సంచీతో ఒక పెద్దావిడ. చేతికర్ర ఆన్చుకుని నడిచే ఆవిడ భర్త. ఆకుపచ్చ పట్టు చీరలో, నల్లకళ్ళద్దాలతో ఒక యువతి. ఆమె ట్రామ్ ఎక్కుతుంటే డ్రైవర్ బెల్లు కొట్టడం మరిచిపోయాడు.

"ఈ ట్రామ్ వర్షంలో నడుస్తుందా?" అంది.

"పట్టాలు తడుస్తాయి, ప్రయాణికులు తడవరు."

ఆమె తలూపి కిటికీ పక్కన కూర్చుంది. మాస్టారు ఎర్ర రుమాలు ఊపుతూ మొదలుపెట్టాడు. గడియారస్తంభం కట్టించింది ఒక రొట్టెల వ్యాపారి భార్య. రోజూ ఆలస్యంగా వచ్చే మొగుడికి సాకు లేకుండా చేయడానికి కట్టించిందట. మామయ్య ఎక్కడ ఆగి నవ్వించేవాడో అతనూ అక్కడే ఆగాడు. జనం నవ్వారు.

తర్వాత పద్నాలుగో నంబరు డబుల్ డెక్కర్. పై అంతస్తులో వేరే ప్రయాణికులు లేరు. పెద్దావిడా భర్తా ముందు అద్దం దగ్గర, గెడ్డపాయన చివరి సీటులో కూర్చున్నారు. పచ్చ చీర యువతి కింది అంతస్తులోనే ఉండిపోయింది.

"ఈ బస్సు ఎందుకిలా పాములా మెలికలు తిరుగుతుందో తెలుసా అండీ? ఒకప్పుడు ఇక్కడ కోటగోడ ఉండేది. గోడ పోయింది కానీ, దాని చుట్టూ పడ్డ దారి అలాగే ఉంది. మొత్తం ఏడు మలుపులు."

చెప్పి గెడ్డపాయన ముందు సీటులో కూర్చున్నాడు. మరుక్షణం మెడ చుట్టూ కెమెరా పట్టీ బిగుసుకుంది. తోలు లోపల ఉక్కుతీగ.

"సొరంగం ద్వారం ఎక్కడ?" గెడ్డపాయన చెవిలో గొణిగాడు. "చెప్తే వదిలేస్తా."

తీగ చర్మంలోకి దిగింది. కాలర్ లోపలికి వెచ్చగా కారుతోంది. ఇంజిన్ రొదలో ముందు వాళ్ళకేం వినబడదు. మాస్టారు పెనుగులాడలేదు. మలుపులు లెక్కపెట్టాడు. రెండు. మూడు. నాలుగోది పాత బురుజు ఉన్నచోట, అన్నిటికన్నా గట్టి మలుపు. చిన్నప్పుడు అక్కడ మామయ్య చెయ్యి పట్టుకునేవాడు.

బస్సు ఒక పక్కకి ఒరిగింది. అదే ఊపులో మాస్టారు కాళ్ళు సీటుకి తన్నిపెట్టి వెనక్కి విసురుగా ఒరిగాడు. గెడ్డపాయన తల ఇనుప స్తంభానికి కొట్టుకుంది. పట్టు సడలింది. రెండోసారి మాస్టారే జుట్టు పట్టుకుని కొట్టాడు. మూడోసారి కొట్టేసరికి కొబ్బరికాయ పగిలిన చప్పుడయింది.

శవాన్ని కిటికీకి ఆనించి, కెమెరా ఒళ్ళో పెట్టి, అతని టోపీ మొహం మీదికి దించాడు. రుమాలు మెడకి చుట్టుకున్నాడు.

"నిద్రపోయాడా బాబూ?" దిగేటప్పుడు పెద్దావిడ అడిగింది.

"చరిత్ర అందరికీ పడదండి."

* * *

లాంచీ వెనక భాగంలో, ఇంజిన్ పొగ చాటున, పచ్చ చీర అతని పక్కకి వచ్చి నిలబడింది.

"రుమాలు ఎరుపు కాబట్టి సరిపోయింది," అంది.

"సర్జన్ అతనేనా?"

"కాదు. అతను కిరాయి మనిషి. సర్జన్ ఎవరో నాకూ తెలీదు. ఆర్డర్లు చీటీల మీద వస్తాయి, ఎప్పుడు జేబులో పడతాయో తెలీదు." ఆమె నీళ్ళవైపు చూసింది. "మొన్న కూడా అలాగే వచ్చింది. గైడు మనల్ని గుర్తుపట్టాడు, లేపేయ్, చూసినవాళ్ళనీ లేపేయ్ అని. నేనే కాల్చాను."

మాస్టారు చెయ్యి ఆమె గొంతు మీదికి వెళ్ళింది. నడుము రెయిలింగ్ అవతలికి వంచేశాడు. కింద ఇంజిన్ రెక్కలు నీళ్ళని చిలుకుతున్నాయి. ఆమె ప్రతిఘటించలేదు.

"మన మనిషని తెలిసీ కాల్చావా?"

"నాకెవరూ చెప్పలేదు. తర్వాత చెప్పారు." ఊపిరాడక మాటలు తెగుతున్నాయి. "నా చేతిలో సైలెన్సర్ తుపాకీ చూశాడాయన. నా పక్కన ఒకావిడ చంటిబిడ్డతో కూర్చుంది. ట్రామ్ నిండా జనం. అప్పుడన్నాడు ఎడమవైపు చూడమని. ఎవరూ నన్ను చూడలేదు. ఎవర్నీ చంపాల్సిన పని పడలేదు."

మాస్టారు చేతివేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. నలభై ఏళ్ళలో ఒక్క తప్పు చెప్పని మనిషి గడియారస్తంభం ఎటుందో మరిచిపోయాడంటే మూడు రోజులుగా అతను నమ్మలేకపోతున్నాడు.

"పని అయ్యాక నిన్ను వదల్ను," అన్నాడు.

"వదలమని నేనూ అడగను."

* * *

నాలుగూ యాభై ఐదుకి మెట్రో ఆఖరి స్టేషన్లో దిగారు. వాడుకలో లేని పాత వెయిటింగ్ రూమ్, గోడకి చెక్క బీరువా. మాస్టారు బీరువా జరిపి తలుపు తీశాడు. చల్లటి గాలి, బూజు వాసన.

"గుర్రాలకి కళ్ళకి గంతలు కట్టి నడిపించేవారండీ. దారి మధ్యలో పెద్ద బావి ఉంది, వాటికి నీళ్ళ కోసం. దానికి ఇప్పుడు గట్టు లేదు, నా వెనకే రండి."

టార్చి వెలుగులో నలభై అడుగులు నడిచారు.

"బాబూ, టంకశాల ఇంకెంత దూరం?" పెద్దావిడ అడిగింది.

మాస్టారు ఆగాడు. ఈ దారి టంకశాలకి పోతుందని తను ఎవరికీ చెప్పలేదు.

తిరిగేలోపే భర్త చేతికర్రలో దాచిన తుపాకీ పేలింది. గుండు మాస్టారు ఎడమ భుజాన్ని చీల్చుకుపోయింది. రెండో గుండుకి పచ్చ చీర అడ్డం వచ్చింది. కడుపు పట్టుకుని ఒంగుతూనే ఆమె, పెద్దావిడ చేతిలోని సంచీలోంచి అల్లిక సూది లాగి ముసలాయన గొంతులో దించింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

పెద్దావిడ భర్త వైపు కూడా చూడలేదు. టార్చి లాక్కుని, సంచీతో పరిగెత్తింది. అరవై ఏళ్ళ మోకాళ్ళు కావవి.

"సర్జన్!" అన్నాడు మాస్టారు.

"ఇంకా రెండు నిమిషాలుంది బాబూ, బయటికి పో," చీకట్లోంచి అమ్మమ్మలాంటి గొంతు వినబడింది. ఊలుబంతుల మధ్య టైమర్ ఎర్రగా మెరుస్తోంది.

బావి అంచున అతను ఆమెని అందుకున్నాడు. ఆమె మోచేత్తో పగిలిన భుజం మీదే కొట్టింది. కళ్ళ ముందు తెల్లటి మెరుపులు. ఆమె చేతిలోకి చిన్న సర్జికల్ కత్తి వచ్చింది. అతని చెంప తెగింది, చెవి తెగింది. మూడో వేటు అతను అరచేత్తో పట్టుకున్నాడు. కత్తి అరచేతిలోంచి అవతలికి వచ్చింది. ఆ చేత్తోనే ఆమె మణికట్టు బిగించి, రెండో చేత్తో సంచీ లాగాడు.

పదకొండు సెకన్లు.

సంచీని బావిలోకి విసిరాడు. ఆమె పట్టీ వదల్లేదు. వదిలి ఉంటే బతికేది. రెండేళ్ళ ప్లాను కదా, చెయ్యి రాలేదు. సంచీతో పాటే వెళ్ళింది. కింద ఎక్కడో నీళ్ళ చప్పుడు.

మాస్టారు నేలకి అతుక్కున్నాడు. సొరంగం ఒక్కసారి ఎగిరి కూర్చుంది. బావిలోంచి నీటిస్తంభం కప్పుకి తగిలి, వేడి వానలా అతని వీపు మీద పడింది.

కాసేపటికి పాకుతూ వెనక్కి వచ్చాడు. పచ్చ చీర ఇంకా ఊపిరి తీస్తోంది. చీర సగం నల్లబడింది.

"వదలనన్నావుగా," అంది.

"వదల్లేదుగా," అని ఆమెని దెబ్బ తగలని భుజం మీదికి ఎత్తుకుని మెట్లవైపు నడిచాడు. సగం దారిలో అతనికి ఏడుపొచ్చింది. చీఫ్ ఇచ్చిన ఐదు నిమిషాలకన్నా ఎక్కువే పట్టింది.

* * *

వారం తర్వాత, కట్లతోనే, లాండ్రీ పైగదిలో నిలబడ్డాడు.

"ఆమె బతుకుతుంది," అన్నాడు చీఫ్. "కోర్టుకి లాగమంటావా?"

"నా కంటికి కనబడకుండా చూడండి. ఆస్పత్రిలో మాత్రం మంచి డాక్టర్ని పెట్టండి. ఇంకో మాట. మీరు ముందే ఆ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి చెప్పి ఉంటే మామయ్య ఇవాళ బతికుండేవాడు."

చీఫ్ తల దించుకున్నాడు. ఆయన తల దించడం డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ చూడలేదు. సొరుగులోంచి ఒప్పందం నకలు తీసి ముందుకు తోశాడు. మొదటి రెండు సంతకాలు ముత్యాల్లా ఉన్నాయి. మూడోది పైకెక్కి, కిందికి జారి, కాగితం అంచుదాకా గీతలా పోయింది.

"ఈయన సంతకం పెడుతుండగా కింద బావిలో పేలింది," అన్నాడు చీఫ్. "మన దేశపు పెన్నులు బాగోలేవని వాళ్ళ రాయబారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు."