బుచ్చయ్య డౌన్

పంజాగుట్ట ఫ్లైఓవర్ కడుతున్న రోజుల్లో మెయిన్ రోడ్డంతా తవ్వేసి ఉండేది. కాల్ సెంటర్ క్యాబులన్నీ వెనక సందుల్లో దూరి అమీర్‌పేట చేరేవి. ఆ సందుల్లో ఒకటి శ్మశానం గోడ పక్కనుంచి ఏటవాలుగా కిందికి దిగుతుంది. డ్రైవర్లు దాన్ని బుచ్చయ్య డౌన్ అనేవాళ్లు. చీకటి పడ్డాక అటు పోతే బండి పట్టుకుంటుందట. ఇంజను నడుస్తూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు... ఎవరో వెనక బంపరు పట్టుకుని లాగుతున్నట్టు. ఎవరి బండి పట్టుకుంది అంటే మాత్రం ఒక్కడూ చెప్పడు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. భయం ఉంది, అది వేరే సంగతి. ఈ కథ నాకు చెప్పింది హాస్టల్లో నా రూమ్మేట్ రవళి. కాకినాడ పిల్ల. మెకానికల్ ఇంజనీరింగు చదివి, మైత్రీవనంలో జావా నేర్చుకుని, చివరికి అమెరికా వాళ్ల క్రెడిట్ కార్డు తిట్లు వినే ఉద్యోగంలో తేలింది. అప్పట్లో అందరి బతుకూ అంతే, చదివిందొకటి, చేసేదొకటి.

ఆ రాత్రి క్యాబులో ఆఖరి డ్రాపు తనదే. డ్రైవరు రాజనర్సయ్య, నెమ్మదస్తుడు. మెయిన్ రోడ్డుకు క్రేను అడ్డం పెట్టారని బండిని ఆ సందులోకి తిప్పాడు.

"అన్నా, ఇటా?" అంది రవళి.

"ఫికర్ జేయకు మేడం. మనల్నేం జేయడు."

"ఎవరు?"

రాజనర్సయ్య గేరు మార్చాడు.

సగం దూరం దిగారో లేదో — బండి బరువెక్కింది. రాజనర్సయ్య బ్రేకు మీదనుంచి కాలు తీసేశాడు. యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను గోల పెట్టింది. కిందికి జారాల్సిన బండి, మూలుగుతూ మూలుగుతూ... ఆగిపోయింది.

తర్వాత వాసన వచ్చింది. ఏదో కాలుతున్న వాసన. గోడకు అవతలేమో శ్మశానం. రవళి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తలుపు లాకు నొక్కేసిందట.

రాజనర్సయ్య మాత్రం నవ్వాడు.

"వచ్చిండు," అన్నాడు గుసగుసగా. "మా తమ్ముడు."

బుచ్చయ్య అతని సొంత తమ్ముడు. ఎర్రగడ్డ రైతుబజారుకు కూరగాయల వ్యాను తోలేవాడట. ఆ వ్యాను ఇక్కడే నాలుగైదుసార్లు ఇలాగే పట్టుకుంది. చివరికి ఓ రాత్రి బ్రేకు పడక, ఈ గోడకే గుద్దుకుని పోయాడు. అప్పటినుంచీ అన్న ఇటు వస్తే చాలు, బుచ్చయ్యే బండి ఆపుతున్నాడట. కాసేపు కూర్చుంటే తనే వదిలేస్తాడట.

రాజనర్సయ్య దిగి గోడ పగుల్లో అగరుబత్తి గుచ్చాడు. ఒక బీడీ ముట్టించి పక్కన పెట్టాడు.

"ఇంట్ల యాదికొస్తే ఏడుపొస్తది మేడం. ఈడికొస్తే జర నిమ్మళమైతది. నన్ను చూద్దామనే గదా ఆపుతుండు."

ఊరికే కూర్చోవడమెందుకని బానెట్ ఎత్తాడు. సెల్లు టార్చి వేసి బ్రేక్ ఆయిల్ డబ్బా మీద గీత చూశాడు. తగ్గిందన్నాడు. మూత తిప్పి, సీటు కిందనుంచి ఇంకో డబ్బా తెచ్చి వంచబోయాడు.

"అదేం ఆయిలన్నా?"

"ఇంజను ఆయిల్. మొన్న మార్చినప్పుడు మిగిలింది. ఏదైతేంది, ఆయిలే గదా. ఎప్పుడు గిదే పోస్త."

రవళికి అప్పటిదాకా ఉన్న భయం పోయింది. దానికంటే పెద్దది వచ్చి కూర్చుంది.

మనమంతా బ్రేక్ ఆయిల్ అంటాం గానీ, అది నిజంగా ఆయిల్ కాదు. అందులో ఇంజను ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి. తొక్కిన బ్రేకు వదలదు. చక్రాల దగ్గర వేడెక్కి కాలిన వాసన కొడుతుంది. చల్లారితే మళ్లీ వదులుతుంది. అలా కొన్నాళ్లు సతాయించి, ఒకరోజు పెడలు అడుగుదాకా దిగిపోతుంది... బ్రేకు పడదు.

"మీ తమ్ముడి వ్యానుకి..." రవళి ఆ డబ్బా వైపు చూసింది. "ఎవరు పోసేవాళ్లన్నా?"

"వానికి గివన్నీ ఏం దెల్వదు మేడం. నేనే చూసి పోసేటోణ్ణి. గా బండిని పాణం లెక్క చూసుకున్న."

చెప్పకపోతే రేపోమాపో ఇతనూ అదే గోడకు గుద్దుకుంటాడు, వెనక సీట్లో ఎవరుంటే వాళ్లతో సహా. చెప్తే... తమ్ముడి కోసం బీడీ ముట్టించి కూర్చున్న మనిషికి ఆ ముక్క ఏ నోటితో చెప్పాలి? నాకు చెప్తున్నప్పుడు కూడా పాపం, పిల్ల ఏడ్చేసింది. చివరికి దానికి ఒక అబద్ధం తట్టింది. మంచి అబద్ధమే అనుకుంది.

"అన్నా, పోయకండి. ఇందాక నాకు... మాట వినపడింది."

వంచబోయిన చెయ్యి ఆగింది. "ఏం మాట?"

"'మా అన్నకు చెప్పు, ఆ ఆయిల్ పోయొద్దను' అని. బండి ఈ రాత్రికి ఇక్కడే వదిలెయ్యమన్నాడు. రేపు మెకానిక్కుతో బ్రేకులన్నీ మార్పించమన్నాడు. గోడ దగ్గర్నుంచే వినపడిందన్నా... మీ తమ్ముడే."

రాజనర్సయ్య ఆమె ముఖంలోకి చూశాడు. డబ్బా కింద పెట్టాడు. గోడ వైపు తిరిగాడు, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"మా బుచ్చిగానికి చిన్నప్పుడే జొరమొచ్చి మాట పోయింది, చెల్లె," అన్నాడు మెల్లగా. "సచ్చేదాంక ఒక్క మాట మాట్లాడలే."

రవళి తల దించుకుంది. అతను రోడ్డు మీదే చతికిలబడ్డాడు. నూనె అంటిన చేతులు రెండూ ముందుకు చాపుకుని, వాటినే చూస్తూ అడిగాడు.

"నువ్వు చదువుకున్న పిల్లవు. నిజం చెప్పు. నేను పోసిన ఆయిల్... ఏం జేసింది మా తమ్ముణ్ణి?"